మోగని నాలుగో సైరన్

మధ్యాహ్నం రెండున్నరకు బ్లాస్టింగ్ జరిగింది. మూడు కాకముందే సదయ్య శవం దొరికింది.

గోదావరిఖని పొలిమేరలో, ఓపెన్ కాస్ట్ గని నుంచి తవ్విపోసిన మట్టి గుట్ట వెనక, తుమ్మచెట్టు పక్కన బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కనే నెత్తురంటిన రాయి. చేతికర్ర ఇంకా వేళ్ల మధ్యే ఉంది. చుట్టూ మేకలు ఏమీ జరగనట్టు తుమ్మకాయలు ఏరుకు తింటున్నాయి.

ఎస్సై సంధ్యారాణి వంగి రాయిని చూసింది. అంచు కొత్తగా విరిగింది. గనిలోంచి ఎగిరొచ్చిన రాయే. అందులో అనుమానం లేదు.

"యాక్సిడెంటే మేడం," అన్నాడు కానిస్టేబుల్ కిషన్.

"రాయి సంగతి సరే. బ్లాస్టింగ్ టైంకు ఈయన ఇక్కడెందుకున్నడు?"

జవాబు చెప్పడానికి జైపాల్ సిద్ధంగా ఉన్నాడు. పేలుళ్ల కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు సంస్థకు అతను ఇన్‌చార్జి. నలభై ఏళ్లుంటాయి. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది.

"సైరన్ మోగిచ్చినం మేడం. ఎప్పటిలెక్కనే మూడుసార్లు. గని చుట్టూత ఆరు స్తంభాలు, ఆరు సైరన్లు. అన్నీ మోగినయి. ముసలాయన చెవిటోడు. వినపడలేదు."

"చెవిటోడని ఎవడన్నడు?"

గొంతు వెనకనుంచి వచ్చింది. సదయ్య భార్య సారవ్వ. మొగుడికి మంచినీళ్లు తెస్తూ శవాన్ని మొదట చూసింది ఆమే. అప్పటిదాకా గుండెలు బాదుకుని ఏడ్చిన మనిషి, ఈ మాట వినగానే లేచి నిలబడింది.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పనిచేసిండు. పైకప్పు చిటుక్కుమంటే నలుగుర్ని గుంజుకొని ఉరికిన మనిషి. చెవులు బాగుండబట్టే బతికి బయటపడ్డడు. సైరన్ మోగలే బిడ్డా. నేను గీ తొవ్వలనే వస్తున్న. నాకు గూడ వినపడలే."

"అవ్వా, ఈయన రోజూ ఇటే వస్తడా?"

"లేదు. ఇయ్యాల్నే. కాలువ పక్కపొంటి మేపెటోడు. ఆడ గడ్డి ఎండిపాయె. గుట్ట ఎనకకు పోవద్దన్న. సైరన్ పెట్టిండ్రు, ఇగ ఫికర్ లేదు, మోగంగనే వస్త అన్నడు."

సంధ్యారాణి తల తిప్పి చూసింది. తుమ్మచెట్టుకు దగ్గర్లోనే ఇనుప స్తంభం ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో 'నాలుగు' అంకె. పైన పెద్ద గరాటులాంటి సైరన్. కింద తాళం వేసిన బూడిదరంగు పెట్టె. ఎగిరొచ్చిన రాళ్లలో ఒకటి కరెంటు తీగకు తగిలినట్టుంది. తెగిన తీగ గాలికి ఊగుతోంది.

"ఇప్పుడొకసారి మోగించి చూపించండి."

"ఎట్లయితది మేడం? పేలుడుకు కరెంటు తీగ తెగిపోయింది. అంతకుముందు మోగింది. కంట్రోల్ రూంల చూపిస్త రండి."

కిషన్ స్తంభం దగ్గరికి వెళ్లాడు. మరుక్షణం రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని వెనక్కి పరుగెత్తాడు. ఒక గోరింక అతని మీదికి దూసుకొచ్చింది. ఇంకొకటి ముక్కున పురుగుతో సైరన్ గరాటులోకి దూరింది. లోపలినుంచి సన్నటి కిచకిచలు.

"పిల్లలున్నయి మేడం. పొడుస్తున్నయి," అన్నాడు కిషన్ నవ్వబోయి, సారవ్వను చూసి ఆగిపోయాడు.

సంధ్యారాణి పట్టించుకోలేదు. ఆమె చూపు సారవ్వ మీదే ఉంది. సారవ్వ మొగుడి చెవి మీద పడిన మట్టిని కొంగుతో తుడుస్తోంది.

*

కంట్రోల్ రూంలో గోడంత స్క్రీన్ ఉంది. గని పటం, చుట్టూ ఆరు గుండ్రటి గుర్తులు. జైపాల్ రెండున్నర నాటి దృశ్యాన్ని తెప్పించాడు. ఆరు గుర్తులూ ఆకుపచ్చగా వెలిగాయి.

"చూడండి. ఒక్కటి ఎర్రగున్నా నేను బ్లాస్టింగ్ ఆపేటోణ్ని. పదకొండేండ్ల సర్వీసు నాది."

మూలన కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది. సన్నగా, కళ్లజోడుతో. పేరు ఫెబా. దగ్గర్లోని ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఈ సైరన్ల నెట్‌వర్క్ ఆమె పరిశోధన. గనివాళ్లు చోటిచ్చారు, కాలేజీ సామాను పెట్టింది.

"ఇది ఎట్ల పనిచేస్తదో చెప్పమ్మా. నాకు అర్థమయ్యేటట్టు."

ఫెబా గొంతు సవరించుకుంది.

"ఇక్కణ్నించి ఆప్టికల్ ఫైబర్ పోతుంది మేడం. వెంట్రుకంత గాజు తీగ. అందులో వెలుగు పోతుంది. ఆ వెలుగే మన మాటను మోసుకెళ్తుంది. ఆరు సైరన్లకు ఆరుసార్లు చెప్పం. ఒక్కసారే చెప్తం. తీగ చీలిన చోట ఒక స్విచ్ ఉంటుంది. అది నకళ్లు తీసి తలా ఒకటి ఇస్తుంది. దీన్ని మల్టీకాస్ట్ అంటరు."

"అందరికీ ఇస్తదా?"

"గుంపులో ఉన్నవాళ్లకే ఇస్తుంది. ప్రతి సైరన్ పెట్టె అప్పుడప్పుడు 'నేనున్న' అని స్విచ్‌కు చెప్పాలె. చెప్పకపోతే దాన్ని గుంపులోంచి తీసేస్తుంది. లేనివాడికి పంపి దండుగ కదా అని."

"తీసేసినట్టు ఇక్కడ మీకు తెలుస్తదా?"

ఫెబా వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"తెలిసేటట్టు చెయ్యొచ్చు మేడం. అదే నా పరిశోధన. అందరూ ఒకేసారి జవాబిస్తే పంపినచోట తొక్కిసలాట అవుతుంది. అది లేకుండా జవాబులు తెప్పించుకోవాలె."

"నాలుగో సైరన్‌తో ఇంతకుముందు ఏమన్నా ఇబ్బంది వచ్చిందా?"

"లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు మేడం."

మాట తొందరగా వచ్చింది. కళ్లు మాత్రం పైకి లేవలేదు.

సంధ్యారాణి జైపాల్ వైపు తిరిగింది. "సైరన్లు రాకముందు గుట్ట వెనక ఎవరు చూసుకునేవాళ్లు?"

"ఎర్రజెండాతోటి మనిషి ఉండేటోడు. రాజన్న అని. మనుషులను, మేకలను అవతలికి తోలేటోడు."

"ఇప్పుడేడి?"

జైపాల్ నుదురు తుడుచుకున్నాడు. "పోయిన నెల తీసేసినం. ప్రొఫెసర్ సార్ మీటింగుల చెప్పిండు. సిస్టం నూటికి నూరుపాళ్లు పనిచేస్తున్నది, ఇగ జెండా మనిషి అక్కర్లేదని."

*

మర్నాడు ఉదయం కాలేజీలో ప్రొఫెసర్ జాన్ ప్రసాద్‌ను కలిసింది. ఫెబాకు గైడ్. తెల్లటి గడ్డం, నెమ్మదైన మాట. టేబుల్ మీద గాజు బిళ్లలో పొదిగిన మెమెంటోలు.

"చాలా బాధాకరం," అన్నాడు. "కానీ సిస్టం తప్పు లేదు. ఆరు సైరన్లూ మోగాయి."

"సదయ్య భార్య మోగలేదంటున్నది సార్."

"దుఃఖంలో ఉంది పాపం."

"ఒకవేళ మోగకపోతే, కారణం ఏమై ఉంటది?"

జాన్ ప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఒకవేళ అంటే... స్తంభానికి బిగించింది పిల్లలు. అనుభవం తక్కువ. ఫైబర్‌ను మరీ మడిస్తే వెలుగు వంపు దగ్గర బయటికి కారిపోతుంది. నాలుగో దాంట్లో బిగించే క్లాంపు కింద తీగ నలిగింది. అలాంటివి ఫెబా చూసుకోవాలి. నేను ప్రతి స్తంభమూ ఎక్కలేను కదా."

"మీరు అక్కడికి ఎప్పుడన్నా వెళ్లారా?"

"ప్రారంభం రోజు ఒక్కసారి. తర్వాత అవసరం రాలేదు."

ఆమె లేచింది. ఏదో మాట ఎక్కడో గుచ్చుకుంది. ఏమిటో వెంటనే అందలేదు.

అక్కణ్నించి రెండో స్తంభానికి వెళ్లింది. సైరన్ శబ్దం ఎంత దూరం వినిపిస్తుందో తెలుసుకోవాలి. ఆ రోజు బ్లాస్టింగ్ నిలిపివేశారు. జైపాల్ కంట్రోల్ రూంకు వెళ్లకుండా స్తంభం దగ్గరున్న మీట నొక్కాడు.

చెవులు బద్దలయ్యే శబ్దం. సంధ్యారాణి రెండు చేతులతో చెవులు మూసుకుంది. పక్కనున్న షెడ్డు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. కరెంటు తీగల మీది కాకులు చెల్లాచెదురయ్యాయి. శబ్దం ఆగాక కూడా ఒక్కటీ తిరిగి వాలలేదు.

ఆమె ఖాళీ తీగల వైపే చూస్తూ నిలబడిపోయింది.

"కిషన్, నిన్న నిన్ను పొడిచిన పిట్ట ఏంది?"

"గోరింక మేడం."

"గరాటు లోపల ఏమున్నయి?"

"పిల్లలు..."

ఆమె అప్పటికే జీపు ఎక్కింది.

నాలుగో స్తంభం దగ్గర నిచ్చెన వేయించింది. కిషన్ టార్చి వేసి చూశాడు. పుల్లలు, ప్లాస్టిక్ పీలికలు, ఈకలు. మధ్యలో నాలుగు పిల్లలు. రెక్కలకు అప్పుడే ఈకలు వస్తున్నాయి.

గనివాళ్లు పంపిన టెక్నీషియన్‌తో కింది పెట్టె తెరిపించింది. పెట్టె బిగించిన రోజున తాళానికి వేసిన సీసం ముద్ర చెక్కు చెదరలేదు. లోపల పసుపురంగు తీగ ఒకటి క్లాంపు కింద అడ్డంగా మడతపడి ఉంది.

"దీన్ని ఇంతకుముందు ఎవరన్నా తెరిచిండ్రా?"

"లేదు మేడం. ముద్ర చూసిండ్రు గద. మనమే ఫస్టు."

పొద్దుటినుంచి గుచ్చుకుంటున్నది ఏమిటో అప్పుడు అందింది. ప్రొఫెసర్ 'నలిగి ఉంటుంది' అనలేదు. 'నలిగింది' అన్నాడు.

*

సాయంత్రం నాలుగు గంటలకు అందర్నీ కంట్రోల్ రూంకు పిలిపించింది. జైపాల్, జాన్ ప్రసాద్, ఫెబా. ఫెబా వెంట ఆమె తండ్రి యిర్మియా కూడా వచ్చాడు. రిటైరైన గని కార్మికుడు. పిలవకపోయినా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సంధ్యారాణి వద్దనలేదు.

"నిన్న మధ్యాహ్నం నాలుగో సైరన్ మోగిందా లేదా? మొదట అది తేలాలె," అంది. "సైరన్ గరాటులో గోరింక గూడు ఉంది."

"అదే అడ్డమై శబ్దం తగ్గి ఉండొచ్చు," అన్నాడు జాన్ ప్రసాద్ వెంటనే.

"రెండో స్తంభం దగ్గర సైరన్ మోగితే ఊళ్లోని కాకులన్నీ లేచిపోయినయి సార్. రోజూ గట్ల మోగే గరాటుల ఏ పిట్టన్నా గూడు కడుతదా? కట్టింది. గుడ్లు పెట్టింది. పొదిగింది. పిల్లలకు ఈకలు వస్తున్నయి. ఎంత లేదన్నా నెల. అంటే నెలరోజులుగా ఆ సైరన్ మూగగా ఉంది. మిగతావాటి శబ్దం మట్టిగుట్ట దాటి అవతలికి పోదు."

జైపాల్ లేచాడు. "గట్లెట్లయితది? రోజూ ఆకుపచ్చ దీపం నా కండ్లతోటి చూసిన!"

"మళ్లీ చూద్దం. బటన్ నొక్కండి."

"వద్దు!"

అరిచినవాడు జాన్ ప్రసాద్. అందరూ అతని వైపు తిరిగారు. అతను గొంతు తగ్గించాడు. "అంటే... సాక్ష్యం చెడిపోతుంది. ఇప్పుడు సిస్టంను ముట్టుకోకూడదు."

"సాక్ష్యం సంగతి నేను చూసుకుంట. జైపాల్ గారూ, నొక్కండి."

జైపాల్ నొక్కాడు. దూరంగా సైరన్లు లేచాయి. స్క్రీన్ మీద గుర్తులు వెలిగాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. అన్నీ ఆకుపచ్చ.

జైపాల్ ముఖంలో నెత్తురు లేదు.

"నాల్గోదానికి కరెంటే లేదు గద మేడం," అన్నాడు మెల్లగా. "నిన్నటిసంది తీగ తెగే ఉన్నది. మరెట్ల వెలిగింది?"

"మోగినందుకు వెలగలేదు. మీరు నొక్కినందుకు వెలిగింది. దీనికి జవాబులతో పనిలేదు. మాట పంపితే చాలు, ఆకుపచ్చ." ఆమె జాన్ ప్రసాద్ వైపు తిరిగింది. "ఇట్ల చెయ్యమని ఎవరు చెప్పారు సార్?"

"ప్రోగ్రాం రాసింది ఫెబా. నాకెలా తెలుస్తుంది?"

"క్లాంపు కింద తీగ నలిగిందని మీకెలా తెలిసింది?"

"ఊహించాను."

"ఆరు స్తంభాలున్నయి. ఫైబర్ చెడిపోవడానికి సవాలక్ష కారణాలున్నయి. మీరు నాలుగో స్తంభం, క్లాంపు కింద, మడత అని చెప్పిండ్రు. ఆ పెట్టెను ఇయ్యాల మేం తెరిచేదాకా ఎవరూ తెరవలేదు. సీసం ముద్ర ఉంది. లోపలిది మీకు ఎవరో చెప్పాలె. చూడకుండా కూడా చెప్పగలిగినవాళ్లు."

జాన్ ప్రసాద్ ఫెబా వైపు చూశాడు.

"నేనే చెప్పిన," అంది ఫెబా.

కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఇక్కణ్నించి వెలుగు పంపితే ఎక్కడ తగ్గుతుందో చూపించే పరికరం ఉంది మేడం. నాలుగో స్తంభం దగ్గర సగానికి సగం పడిపోతున్నది. క్లాంపు ఉండే చోటే. దాంతోటి పెట్టె పంపే 'నేనున్న' అన్న మాట స్విచ్‌కు చేరలేదు. స్విచ్ దాన్ని గుంపులోంచి తీసేసింది. నా ప్రోగ్రాంలో ఎర్రగా కనిపించింది. వెంటనే సార్‌కు చెప్పిన."

"సార్ ఏమన్నడు?"

"మా పని చూసెటందుకు ఢిల్లీనుంచి టీం వస్తున్నది, ఎర్రది కనపడొద్దన్నరు. జవాబులు చూసే భాగం తీసెయ్యమన్నరు. వాళ్లు పోయినంక బాగుచేద్దామన్నరు."

"నువ్వు తీసేసినవ్."

"తీసేసిన. ఐదేండ్ల పని మేడం. ఆయన సంతకం లేకపోతే..." ఆగింది. "టీం వచ్చి పోయింది. మెచ్చుకున్నరు. జెండా మనిషిని తీసేసిండ్రని తర్వాత తెలిసింది. అప్పుడన్నా చెప్పాల్సింది. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకున్న."

"ఫెబా, జాగ్రత్తగా మాట్లాడు," అన్నాడు జాన్ ప్రసాద్. "నువ్వు కూడా ఇరుక్కుంటావు."

"ఇరుక్కోవాలె సార్."

తలుపు దగ్గర యిర్మియా గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. కూతురు వైపు చూశాడు.

సంధ్యారాణికి గెలిచినట్టు అనిపించలేదు. ఆ పిల్ల చేతుల వైపు చూసింది. గోళ్లు కొరికి కొరికి నెత్తురు కమిలి ఉన్నాయి. నిన్న చూసినప్పుడూ అట్లాగే ఉన్నాయి కాబోలు. అప్పుడే గట్టిగా అడిగి ఉంటే నిజం నిన్ననే తేలేదా?

"జాన్ ప్రసాద్ గారూ, మీరు స్టేషన్‌కు రావాలె. జైపాల్ గారూ, మీరు కూడా. స్క్రీన్ మిమ్మల్ని మోసం చేసింది నిజమే. జెండా మనిషిని తీసేసింది మాత్రం మీరే." ఫెబా వైపు చూసింది. "నువ్వు కూడా అమ్మా."

"వస్త మేడం. ఒక్కచోటికి పోయి వస్త. మీరు వెంట ఉండండి."

*

సారవ్వ ఇల్లు పునరావాస కాలనీలో చివరి వరస. వాకిట్లో టెంటు వేసి ఉంది. పోస్టుమార్టం అయ్యాక శవం అప్పుడే దవాఖాన నుంచి వచ్చింది. సదయ్యతో బాయిలో పనిచేసినవాళ్లు, కాలనీ ఆడవాళ్లు, పిల్లలు. కాలు పెట్టే చోటు లేదు.

వాళ్లలో ఒకతను పక్కవాడితో అంటున్నాడు. "చెవులు వినపడకుంటే ఇంట్ల ఉండాలె గని, ఆడికి పోవుడేంది?"

సారవ్వ విన్నది. తల ఎత్తలేదు. ఒక్కరోజులో ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటుందో.

ముందు యిర్మియా వెళ్లాడు. సదయ్య పాదాల దగ్గర కూర్చుని, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే షిఫ్టు.

ఫెబా సారవ్వ ఎదుట మోకాళ్ల మీద కూలబడింది.

"అవ్వా, ఆ సైరన్లు చూసేది నేనే. నాల్గోది మోగలే. నువ్వు చెప్పిందే నిజం."

సారవ్వ ఆమె ముఖంలోకి చూసింది.

"మోగదని నీకు ముందే ఎర్కనా బిడ్డా?"

ఫెబా అవునన్నట్టు తల ఊపింది.

ఆడవాళ్లలో కలకలం రేగింది. ఒకామె తిట్టబోయింది. సంధ్యారాణి ఒక అడుగు ముందుకు వేసింది. సారవ్వ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది.

"నిన్ను నేనేమనను. అంటే ఆయన లేచి వస్తడా?" అంది. "మాఫ్ చేస్తనని గూడ అనుకోకు. నాతోటి కాదు." ఊపిరి తీసుకుంది. "నిన్నటిసంది అందరు ఆయన్ను చెవిటోడంటున్నరు. తెలివిలేక సచ్చిండంటున్నరు. నా మొగడు గట్ల సావలే. లేచి నిలబడు. ఆయన్ను ఎత్తకముందు గా ముచ్చట చెప్పు."

ఫెబా లేచి నిలబడింది. యిర్మియా లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు, ఆమెను పట్టుకోకుండానే.

"సదయ్య కాక చెవిటోడు కాదు," అంది.

మాట మొదటి వరస దాటలేదు. వెనక ఎవరో "ఏమంటున్నది?" అని అడిగారు.

సారవ్వ మొగుడి తల పక్కన కూర్చుంటూ అన్నది.

"గట్టిగ చెప్పు బిడ్డా. ఎనకున్నోళ్లకు వినపడాలె."